చెత్తకొట్లో శనివారం

ఎనిమిదింటికి గేటు తీస్తాను.
కాసిల్‌మైన్ ఊరంతా వద్దనుకున్నది
ట్రైలర్లలో, కారు డిక్కీల్లో వచ్చి నా ముందు దిగుతుంది.
నారింజరంగు కోటు, రబ్బరు తొడుగులు,
చెవి మీద సుద్దముక్క.
ధర నేనే రాస్తాను.
కుర్చీ నాలుగు డాలర్లు. కాలు విరిగితే రెండు.

మొన్న కౌన్సిల్ నుంచి కాగితాల కట్టొకటి వచ్చింది.
ఊళ్ళో కళాకారులంతా మీ దగ్గరికే వస్తారట కదా,
కాస్త నింపించి పంపండి, అంది ఆ పిల్ల.
మార్చిలో టౌన్‌హాల్లో ప్రదర్శన.
పేరు. మాధ్యమం.
మీకు ప్రేరణ ఎక్కడినుంచి? మూడు వాక్యాలకు మించకుండా.

ప్రేరణ!
ఆ మాట నేను ఆఖరిసారి విన్నది
పదో తరగతి భౌతికశాస్త్రంలో.
తీగచుట్టలోంచి అయస్కాంతం పోతుంటే
ఎవరూ ముట్టుకోకుండానే
సూది ఊగింది.
ఐదు మార్కుల ప్రశ్న అది.

ఊనా ట్రెవాస్కిస్ నిజంగానే అయస్కాంతంతో వస్తుంది,
తాడు కట్టి, మెళ్ళో వేసుకుని.
నాగలి కర్రులు, గొర్రెల కత్తెర్లు అతికించి
ఎగరలేని పక్షుల్ని చేస్తుంది.
కాగితం చూసి
"తుప్పు అని రాయి" అంది.
ఇంకో రెండు వాక్యాలు మిగిలాయంటే
"తుప్పు, తుప్పు."

ఫెరెన్స్‌కి రాగి కావాలి.
పాత బాయిలర్లు కోసి, రేకుల మీద గీసి,
ఆసిడ్‌లో ముంచి, ముద్రలు తీస్తాడు.
కిలో ఎంతన్నాడు. ఎనిమిదన్నాను.
"అయితే ఈ నెల ప్రేరణ లేదు."

కిట్టో ఏమీ రాయలేదు.
కార్చిచ్చులో పోయిన తన ఇంటి బూడిద
పదిహేనేళ్ళుగా డబ్బాల్లో దాచుకున్నాడు,
చెంచాడు చెంచాడు గాజుపూతలో కలుపుతాడు.
ఓసారి నా బల్ల మీద గిన్నె పెట్టాడు.
లోపలంతా చింతచిగురు రంగు.
నేను దాన్ని తిరగేసి ధర కోసం వెతికాను.
అలవాటు, ఏం చెయ్యను.

ఆంటీ డెల్మా ఎప్పుడూ ఏమీ కొనదు.
ఈ నేల జాజా వురుంగ్ వాళ్ళది, అంటే ఆవిడది.
వాగు ఒడ్డు గడ్డితో బుట్టలల్లుతుంది.
"కౌన్సిలు వాళ్ళని ఆ మలుపు దగ్గర
గడ్డి కొయ్యొద్దని చెప్పు.
మూడు వాక్యాలెందుకు, ఒకటి చాలు."

మెర్విన్ పాస్కో కాగితం మాత్రం ఖాళీగా ఉండిపోయింది.
ఎండైనా వానైనా వచ్చే మనిషి,
ఫ్రేములు తప్ప ఏదీ కొనడు.
రెండంటే, "ఒకటిన్నరకివ్వవా?"
నేనివ్వను. రెండిచ్చి పోతాడు.
మూడు శనివారాలుగా లేడు.

ఇవాళ అతని మేనల్లుడు వచ్చాడు,
ట్రైలర్ నిండా బోర్లించిన బొమ్మలతో.
"ఫ్రేముల లెక్కన అమ్మెయ్" అన్నాడు మా యజమాని.
వెనకవైపు సుద్దతో రాస్తూ పోయాను.
రెండు. రెండు. రెండు.
పదకొండో దాని దగ్గర సుద్ద విరిగింది.
ముక్క కోసం వంగి, ఊరికే, ఇవతలికి తిప్పాను.

మా యార్డే.
ఫ్రిజ్‌ల గుట్ట మీద లేత ఎండ.
వంగి ఏదో ఏరుతున్న మనిషి వీపు,
నారింజరంగు కోటు,
కాలర్లోకి దోపుకున్న జడ.
ఈ ఊళ్ళో జడ దోపుకునేది నేనొక్కదాన్నే.

మిగతావీ తిప్పాను.
వానలో, మంచులో, ధూళిగాలిలో అదే యార్డు.
ప్రతిదాంట్లో ఎక్కడో ఓ మూల
ఎర్రపప్పు బద్దంత నారింజరంగు.
కొన్నిట్లో అదీ లేదు, నేను సెలవు పెట్టిన వారాలేమో.

ఆయన నాతో అన్న మాటలన్నీ కలిపినా
ఆ ఫారంలో రెండు గీతలు నిండవు.

తడిగుడ్డతో రెండులన్నీ తుడిచేశాను.
హాల్లో ఇంకో గోడ ఖాళీ ఉందేమో
సోమవారం ఫోన్ చేసి అడగాలి.
యజమాని ఏమంటాడో తెలీదు.
పదకొండోదాని వెనక మాత్రం
విరిగిన సుద్దతో రాశాను:
ఒకటిన్నర.
చిల్లర లెక్కపెట్టి గల్లాపెట్టెలో వేశాను.

గేటు దగ్గర ఎవరో హారన్ కొడుతున్నారు.
వాషింగ్ మెషీనట,
ఓ చెయ్యి వెయ్యమంటున్నారు.